ఎవరూ అడగని సెలవు

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ, ఆఫీసు బేగంపేటలో. చుట్టుపక్కల ఏ అపార్టుమెంటులో మా లిఫ్టు ఆగిపోయినా, లోపల ఇరుక్కున్నవాళ్ల ఫోను మా బల్ల దగ్గర మోగుతుంది. ఆ బల్ల దగ్గర ఇద్దరం ఉంటాం. నేను జుట్టుకు రంగు వేసుకోవడం కూడా మానేసిన పెద్దదాన్ని. రెండోది రెజిమెంటల్ బజార్ నుంచి వచ్చే పిల్ల, నా వయసులో సగం ఉంటుంది. ఇరుక్కున్నవాళ్లు ఏడుస్తారు, తిడతారు, మా వంశాన్నంతా ఏకిపారేస్తారు. మెకానిక్ అక్కడికి చేరేదాకా మేము గొంతు పెంచకుండా మాట్లాడుతూనే ఉండాలి. మధ్యలో ఫోను పెట్టెయ్యడమన్నది లేదు.

పోయిన ఏడాది మా సారు ఆఫీసులోని ఆడవాళ్లందరినీ తన అద్దాల గదిలోకి పిలిచారు. మా వంక చూడకుండా గోడ మీది ఏసీ వంక చూస్తూ మొదలుపెట్టారు.

"నెలకొక్క రోజు... అదే... ఆ లీవు. జీతం కట్ ఉండదు. ఇయ్యాలె అని మా బిడ్డ చెప్పింది. ఎవరికి కావాలన్నా నాకొక మాట చెప్పుండ్రి, చాలు."

చెప్పడం అయిపోగానే మమ్మల్ని అక్కడే వదిలేసి, తన గదిలోంచి తనే బయటికి వెళ్లిపోయారు.

నిజం చెప్పాలంటే నాకు ఆ సెలవు నచ్చలేదు. ఈ రోజు నెలకొక రోజు ఇస్తారు, రేపు లెక్క చూసుకుని, ఈ ఆడవాళ్లతో ఎందుకొచ్చిన గొడవ, మగపిల్లల్ని పెట్టుకుందాం అంటారు. నా భయం అదీ. పైగా మా అమ్మ టీచరు. నెలసరి రోజుల్లో కూడా ప్రార్థన చేసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని బడికి వెళ్లిపోయేది. చిన్నప్పుడు పక్కింటి స్నేహితురాలిని ఆ మూడు రోజులూ వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. దాని బాధ దానిది కాని, అంట్లు తోమే పని తప్పిందని నేను మాత్రం కుళ్లుకునేదాన్ని. మా క్రైస్తవుల ఇంట్లో మడీ లేదు, మైలా లేదు, ఆ వంకతో దొరికే విశ్రాంతీ లేదు.

నెలలు గడిచాయి. ఆ సెలవు ఒక్కరూ అడగలేదు. అందరికీ సిగ్గే. చివరికి సారు మళ్లీ ఏసీతో మాట్లాడారు.

"ఎవ్వరు అడుగుతలేరు గదా. అవసరం లేనట్టుంది. వచ్చే నెల నుంచి బంద్ చేద్దాం."

బల్ల దగ్గరికి తిరిగొచ్చాక ఈ పిల్ల మొహం వాడిపోయింది. దానికి మొదటి రోజు నరకమే. డాక్టరుకు చూపించుకుంది, గోలీలు వేసుకుంటుంది, అయినా ఆ ఒక్కరోజు లొంగదు. వేడినీళ్ల సీసా చున్నీ కింద పెట్టుకుని, వంగిపోయి ఫోన్లు మాట్లాడుతుంది. జ్వరమని అబద్ధమాడి పెట్టే సెలవులన్నీ ఎప్పుడో అయిపోయాయి.

"వెళ్లి అడగవే. బంద్ చేసేలోపే అడుగు," అన్నాను. నా భయం నాకున్నా, దాన్ని చూస్తూ ఊరుకోలేకపోయాను.

"ఎట్ల అడగాలక్కా? సారు మొఖం చూస్కుంట గా మాట నోట్లకెళ్లి రాదు. బంద్ చేస్తె చేయనీ, జాబే మానేస్త. ఇంక నాతోని కాదు."

ఆ మాట వినగానే ఒళ్లు మండింది. సిగ్గుతో ఉద్యోగం పోగొట్టుకుంటానంటే మండదా మరి!

ఆ నెల దానికి మొదటి రోజున, సైనిక్‌పురి అపార్టుమెంటు నుంచి ఒక పెద్దావిడ ఫోను చేసింది, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందని. అలాంటి ఫోను వస్తే మేము స్పీకరు పెడతాం. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు విని మెకానిక్‌కు దారి చెప్పాలి. సారు కూడా గదిలోంచి వచ్చి మా వెనక నిలబడతారు. ఆ రోజూ నిలబడ్డారు.

"పరేషాన్ కాకండమ్మా. మా మనిషి బయల్దేరిండు. మీరు కింద కూర్చోండి," అంది పిల్ల.

"కూసున్న బిడ్డా. సంచిల చిక్కుడుకాయలున్నయి, ఈనెలు తీసుకుంట ఉంట. నాకేం తక్లీఫ్ లేదు గని, నీ గొంతేంది గట్లున్నది?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటె గట్ల మూలుగుతరా? నెలనొప్పా?"

పిల్ల కళ్లు మూసుకుని ఉంది. వెనక ఎవరున్నారో మరిచిపోయినట్టుంది.

"అవునమ్మా. పొద్దుగాల్నుంచి నడుము గుంజుతుంది. రెండుసార్లు వాంతి సుత అయింది."

"అయ్యో. మరి మీ సారు సెలవియ్యడా?"

"ఇస్తడమ్మా, మంచోడే. నేనే అడగలే. సిగ్గయితది."

"మరి నాకెట్ల చెప్పినవే ఇప్పుడు?"

"మీరు కనిపిస్తలేరు గదమ్మా!"

లిఫ్టులోంచి పెద్దావిడ పగలబడి నవ్వడం వినిపించింది. నాకూ నవ్వు ఆగలేదు. అంతలో మెకానిక్ చేరుకుని తలుపు తీశాడు. ఆవిడ ఇంటికి పోతూ పోతూ, "ముందుగాల పోయి పండుకో బిడ్డా," అని మరీ పెట్టేసింది.

వెనక్కి తిరిగి చూస్తే సారు లేరు. అద్దాల గదిలో కుర్చీని గోడవైపు తిప్పుకుని, మాకు వీపు చూపిస్తూ కూర్చున్నారు. మా బల్ల మీది ఫోను మోగింది, పిల్ల ఎత్తింది. స్పీకరు ఇంకా అలాగే ఉంది.

"అమ్మా... నేను గోడ దిక్కు మళ్లి కూసున్న. నాకు నువ్వు కనపడవు, నీకు నేను కనపడ. ఏమన్న చెప్పాలంటె చెప్పు."

పిల్ల నావైపు చూసింది. చెప్పమని తల ఊపాను.

"సార్, నాకు పీరియడ్స్. ఇయ్యాల లీవు కావాలె."

"ఓకే అమ్మా," అన్నారు గోడవైపు నుంచి.

ఆ తర్వాత ఫోను ఎలా పెట్టెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. నేనే లాక్కున్నాను. ఇన్నాళ్లూ నా గుండెలో ఉన్నది నేనూ అడిగేశాను.

"సార్, ఈ సెలవు సాకుతో రేపు మా చోట మగపిల్లల్ని పెట్టరు కదా?"

"నేనెందుకు పెడ్త మేడమ్? మీ అసుంటోళ్లను పోగొట్టుకుంటె ఈ పని కొత్తోళ్లకు నేర్పేదెవరు? బంద్ గింద్ ఏం లేదు, పోండ్రి."

పిల్ల సంచి తీసుకుని బయల్దేరింది. నేరుగా వెళ్లిపోతుందనుకున్నాను. అద్దాల గది ముందు ఆగి, తలుపు తీసి, లోపలికి తొంగిచూసింది.

"పోయొస్త సార్."

సారు కుర్చీ మెల్లగా ఇటు తిరిగింది. మొహమంతా ఎర్రబడి ఉంది. అయినా ఈసారి ఏసీ వంక చూడలేదు, దాని వంకే చూశారు.

"బస్సుల నిలబడకు బిడ్డా. ఆటోల పో."

పిల్ల సరేనని నవ్వి వెళ్లిపోయింది. నాకు ఎంత సంతోషమేసిందో అంత కుళ్లూ పుట్టింది. నొప్పితో బస్సు కడ్డీ పట్టుకుని వేలాడుతూ నేను ఎన్ని నెలలు వచ్చానో, ఎన్ని నెలలు ఇంటికెళ్లానో! ఆ ఒక్క మాట నాతో ఎవరూ అనలేదు. ఇప్పుడు ఎవరైనా అందామన్నా నాకా రోజులే ఆగిపోయాయి. కళ్లు తుడుచుకుంటుంటే, ఇంకెవరో ఇరుక్కున్నారు కాబోలు, ఫోను మోగింది. ఆ పిల్ల కుర్చీలోకి జరిగి ఎత్తాను.