ఆ ఆలస్యం నాది

ఐర్లండ్ దేశం కార్క్ నగరంలో ఒక ఆసుపత్రి ఫైల్లో ఒక వాక్యం ఉంది. "రోగి ఆలస్యంగా వచ్చింది." అది అబద్ధం. అబద్ధమని తెలిసీ కొన్నాళ్లు నోరు మూసుకున్న మనిషిని నేనే. అందుకే ఇది రాస్తున్నాను. ఫైల్లో పడ్డ మాట మనుషులకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. రేపెప్పుడో ఒకరు దాన్ని తీసి చదివి, ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకు ఒంటి మీద శ్రద్ధ ఉండేది కాదని పుస్తకం రాస్తారు. అలాంటి పుస్తకాలు బోలెడు చదివాను కనక చెబుతున్నాను.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. మా ఆయన ఉద్యోగం వెంట కార్క్ పక్కనున్న బాలింకాలిగ్ వచ్చాక, పొద్దున పూట సూపర్‌మార్కెట్ బేకరీ కౌంటర్లో బ్రెడ్డు కోసి, మధ్యాహ్నం వాన తగ్గేదాకా లైబ్రరీలో కూర్చునేదాన్ని. ఇక్కడ వాన తగ్గదు. అలా నా చదువు మళ్లీ మొదలైంది. మొదట్లో డిక్షనరీ పక్కన పెట్టుకుంటే పేజీకి అరగంట పట్టేది. తర్వాత్తర్వాత ఈ దేశపు వైద్యం చరిత్ర మీద ఆ బీరువాల్లో ఉన్నవన్నీ చదివేసి, లేనివి వేరే ఊళ్ల నుంచి తెప్పించుకున్నాను. నన్ను చూడగానే లైబ్రేరియన్, "ఇవాళ ఏ రోగం కావాలి?" అనేది. నాకది గర్వంగా ఉండేది.

ఈ చిన్న దేశంలో ఒకప్పుడు పేదవాళ్లింటికి డాక్టరు రావాలంటే ఎర్ర చీటీ కావాలి. ఆ చీటీ రాసిచ్చేది డాక్టరు కాదు, ఊళ్లో పెద్దమనిషి. ఏ దుకాణం ఆయనో, భూములున్న ఆయనో. ఇంట్లో మనిషి జ్వరంతో కాలిపోతుంటే ఆయన గుమ్మంలో టోపీ తీసి నిలబడాలి. గుర్రప్పందేల లాటరీ టిక్కెట్లు ప్రపంచమంతా అమ్మి ఆసుపత్రులు కట్టుకున్నారు. క్షయ వచ్చినవాళ్లని చలికాలంలోనూ వరండాల్లో మంచాలేసి పడుకోబెట్టారు. టీబీ ఉన్న ఇల్లని తెలిస్తే ఎదురుపడాల్సి వస్తుందని రోడ్డు దాటి పోయేవారు. పాత నివేదికలు ఏవి తిరగేసినా అదే మాట కనబడేది: జనం ఆలస్యంగా వస్తారు. చదివినప్పుడల్లా ఒళ్లు మండేది. ఎవరి వల్ల ఆలస్యమైందో ఎందుకు రాయరు? చీటీ ఇవ్వకుండా తిప్పిన పెద్దమనిషి సంగతి ఏ కాగితంలో ఉంది? మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ టీ కప్పు చేతికిచ్చి మరీ ఈ ఉపన్యాసం వినిపించేదాన్ని.

ఆ టీ కాచే కెటిల్ పైన, గోడకున్న అలమరలో, ఇక్కడి మాటలో ప్రెస్‌లో మా మందుల డబ్బా ఉండేది. ఇక్కడి తెలుగువాళ్లలో అలాంటి డబ్బా లేని ఇల్లు నేను చూడలేదు. హైదరాబాదు నుంచి ఎవరొచ్చినా సూట్‌కేసులో కారప్పొడికీ ఆవకాయకీ మధ్య మందుల స్ట్రిప్పులు దిగుతాయి. ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు జీపీ దగ్గర అపాయింట్‌మెంట్ దొరకదు, దొరికినా పారాసిటమాల్ వేసుకుని నీళ్లు తాగమంటారు, దానికి అంత దూరం వెళ్లడమెందుకని అందరం అనుకునేదే. నా డబ్బా మిగతావాటికంటే పద్ధతిగా ఉండేది. స్ట్రిప్పుల మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టేదాన్ని. "గొంతు." "విరేచనాలు." "దగ్గు, మామూలు." "దగ్గు, గట్టిది." అనుమానం వస్తే గుంటూరులో మా మరిది డాక్టరు ఉన్నాడు. ఎముకల డాక్టరు. ఫోన్లో వాయిస్ మెసేజ్ పెడితే పది నిమిషాల్లో జవాబు. "ఐదు రోజులు వేసెయ్ వదినా, దెబ్బకి పోతుంది." చుట్టుపక్కల కుటుంబాలవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు. "ఆంటీ మెడికల్ షాపు తెరిచే ఉందా?" అని గుమ్మంలోనే నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

రెండేళ్ల కింద మేడ మీది గది ఒక అమ్మాయికి ఇచ్చాం. నల్గొండ పిల్ల, యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. అద్దెకి గదులు దొరక్క అంతకుముందు ఒక ఇంట్లో తొమ్మిదిమందితో ఉండి వచ్చింది. సన్నటి పిల్ల, కబుర్ల పోగు. నా ఉపన్యాసాలు చివరిదాకా విన్నది ఆ పిల్ల ఒక్కతే. "ఆంటీ, మీరు పరీక్ష రాస్తే మా ప్రొఫెసర్ ఉద్యోగం ఊడ్తది" అనేది.

అక్టోబరులో దగ్గు పట్టుకుంది. చలి అనుకున్నాం. మూడు వారాలైనా తగ్గలేదు, సాయంత్రాలు కాస్త జ్వరం. జీపీకి ఫోన్ చేస్తానంది. నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "వాళ్లు చేసేదేముంది? ఆగు." డబ్బా తీసి, "గట్టిది" అని రాసిన స్ట్రిప్పులోంచి ఐదు మాత్రలు వొలిచి చేతిలో పోశాను. నాలుగో రోజుకి జ్వరం దిగింది. "చూశావా?" అన్నాను.

నవంబరు చివర్లో మళ్లీ వచ్చింది. మరిది ఈసారి ఏడు రోజులు వేయమన్నాడు. ఏడు మాత్రలు వొలిచి ఇచ్చాను. మళ్లీ దిగింది. ఆ పిల్ల జీన్స్ నడుం దగ్గర జారిపోతుంటే పిన్నీసు పెట్టుకోవడం చూసి, పరీక్షల బెంగ అనుకుని నెయ్యి ఎక్కువ వేశాను. క్షయ గురించి ఇన్ని పుస్తకాలు మింగిన మనిషిని. దగ్గు, సాయంత్రం జ్వరం, చిక్కిపోవడం. నా వంటింట్లో, నా కుర్చీలో కూర్చుని దగ్గుతుంటే, ఎదురుగా నిలబడి పాతకాలపు శానటోరియంల గురించి చెప్పాను. నా మీద నాకు కోపం అక్కడ మొదలైంది. ఇప్పటికీ తగ్గలేదు.

క్రిస్మస్ సెలవుల ముందు బాత్రూం సింకులో రక్తపు చార కనిపించింది. ఆ పిల్ల కడిగింది కానీ అంచున మిగిలింది. అప్పుడు జీపీ, అక్కణ్నుంచి ఆసుపత్రి, ఎక్స్‌రే. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో గుల్ల. తెమడలో క్రిములు.

క్లినిక్కులో డాక్టరమ్మ నెమ్మదిగా అన్నీ అడిగింది. ఎన్నాళ్ల నుంచి దగ్గు? అక్టోబరు నుంచి. మరి ఇప్పుడా రావడం? ఈ మధ్యలో యాంటీబయాటిక్స్ ఏమైనా వేసుకున్నావా?

ఆ పిల్ల మాస్కు పైనుంచి నా వైపు చూసింది. నా చేతిలో హ్యాండ్‌బ్యాగు ఉంది. దాని జిప్పు చూస్తూ కూర్చున్నాను.

"లేదు" అంది.

డాక్టరమ్మ రాసుకుంది.

ఇంటికి తిరిగొచ్చి, పిల్ల కారు దిగి మేడెక్కాక ఆయనకి చెప్పాను. "మంచి పిల్ల, నిన్ను కాపాడింది" అన్నాడు. "నువ్వింక నోరు విప్పకు. మందులు పంచావని తేలి పోలీసులు గుమ్మంలోకొస్తే జవాబెవరు చెబుతారు?" నేనూ అలాగే అనుకున్నాను. నన్ను కాపాడింది అని. అనుకుని, కృతజ్ఞతగా రసం కాచి పైకి పంపించాను!

రెండు వారాలు ఆ పిల్ల గది దాటకూడదు. పబ్లిక్ హెల్త్ నర్సు నాలుగు రకాల మాత్రలిచ్చి, కిటికీ తెరిచి ఉంచమని చెప్పి వెళ్లింది. ఈలోగా మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మొదలైంది. ఆ ఇంటికి పిల్లల్ని పంపకండి. ఆ తొమ్మిదిమంది ఇంట్లో అంటించుకుని ఉంటుంది. తెలిసీ దాచిపెట్టింది, చదువుకున్న పిల్లకి అంత తెలియదా? నా దగ్గర స్ట్రిప్పులు పట్టుకెళ్లిన చేతులే అవి టైపు చేశాయి. నేను చదివాను. ఒక్క ముక్క జవాబు రాయలేదు.

ఒకరోజు వాన విరామంలో పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, పక్కింటి ఐరిష్ ముసలమ్మ కంచె మీదికి వంగింది. ఎనభై దాటిన మనిషి. నర్సు కారు చూసిందిట.

"పైన పిల్లకి ఛాతీయేనా?" అంది.

అవునన్నాను. వెంటనే అలవాటు కొద్దీ, ఈ దేశంలో క్షయని ఎలా అదుపు చేశారో, ఊరూరా ఎక్స్‌రే వ్యాన్లు ఎలా తిరిగాయో మొదలుపెట్టాను.

"అమ్మా, నువ్వు చదివావు. నేను అప్పుడు ఉన్నాను" అంది. "మా అక్కకి గడ్డి కోతలప్పటి నుంచి దగ్గు. మా అమ్మ సంతలో కొన్న టానిక్ పోస్తూ వచ్చింది. చివరికి డాక్టరొచ్చి ఎన్నాళ్లయిందంటే, ఆదివారం నుంచే అంది మా అమ్మ. నేను పక్కనే ఉన్నాను. నాకు తొమ్మిదేళ్లు. నేనూ గడ్డి కోతల సంగతి చెప్పలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది, పోయింది. మా అన్నదమ్ములు ఈనాటికీ అక్కది గుండె బలహీనం అంటారు." క్లిప్పు ఒకటి నా తీగకి తగిలించి, "నీ దుప్పటి నేల మీద ఈడుస్తోంది చూసుకో" అని లోపలికి పోయింది.

మర్నాడు లైబ్రరీకి వెళ్లాను. క్షయ మీద లావుపాటి పుస్తకం ఒకటి అంతకుముందు రెండుసార్లు తెచ్చుకున్నాను. రెండుసార్లూ చరిత్ర అధ్యాయాలు చదివి, వెనకున్న మందుల అధ్యాయం వదిలేశాను. ఈసారి స్ట్రిప్పు పక్కన పెట్టుకుని ఆ అధ్యాయం తెరిచాను. నా "గట్టి దగ్గు" మాత్ర ఏ జాతిదో అక్కడ ఉంది. ఆ జాతి మందు క్షయని కొన్నాళ్లు అణిచిపెట్టి, తగ్గినట్టు నమ్మించి, రోగం బయటపడటాన్ని వెనక్కి నెడుతుందట. అలా అరకొరగా వేస్తే, ముందు ముందు నిజంగా అవసరమైనప్పుడు అది పనిచేయకపోవచ్చునట. ఇంగ్లిషు కష్టమైనదేమీ కాదు. మొదటిసారి తెచ్చుకున్నప్పుడే నాకు అర్థమయ్యేది. చదవలేదు, అంతే. చీటీ ఇచ్చే పెద్దమనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, గుమ్మంలో కాదు, కెటిల్ దగ్గర. ఆయనకి ఎర్ర చీటీ ఉంటే నాకు స్కెచ్ పెన్ను ఉంది.

లైబ్రరీ మెట్ల మీదనుంచే నర్సుకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఏ మాత్రో, ఎన్ని రోజులో ఆవిడ అడిగి రాసుకుంది. తర్వాత, "డబ్బా మొత్తం పట్టుకు రండి" అంది.

తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. ఒక్కో స్ట్రిప్పూ తిప్పి చూసింది. తెలుగులో రాసినవి ఏమిటని అడిగి పక్కన రాసుకుంది. "ఈ మూడు నెలల్లో వీటికోసం మీ వంటింట్లోకి ఎవరెవరు వచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు?" అంది. అదీ చెప్పాను. పదకొండు కుటుంబాలు. అందరికీ పరీక్షలకి రమ్మని కబురు వెళ్లింది. ఆ వారమంతా నా ఫోన్ పేలిపోయింది. "మా పేర్లు ఎవరిమ్మన్నారు మీకు? మా బాబుకి సూది గుచ్చించారు." "ఆంటీ అని నమ్మి వస్తే ఇదా?" ఎవరికీ రోగం రాలేదు. ఇద్దరికి మాత్రం ఒంట్లో నిద్రపోతున్న క్రిమి ఉందని తేలి, ముందుజాగ్రత్తగా మందులిచ్చారు. ఆ ఇద్దరూ ఇప్పటికీ నాతో మాట్లాడరు. నాకేం బాధ లేదు. పరీక్షకి వెళ్లారు, అది చాలు. మరిదికి మాత్రం ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "నాకేం తెలుసు వదినా, నువ్వు దగ్గన్నావు, నేను దగ్గుకి చెప్పాను" అన్నాడు. దగ్గేవాళ్లని చూడకుండా దగ్గుకి చెప్పాడు. ఎముకల డాక్టరు! వాడిని అడిగిన నన్నేమనాలి?

డబ్బా ఇచ్చి వచ్చిన సాయంత్రమే మేడెక్కి, గుమ్మంలో నిలబడి ఆ పిల్లకి చెప్పాను. "అంతా చెప్పేశానమ్మా. నా కోసం అబద్ధమాడావు, నాకు తెలుసు."

మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. కిటికీలోంచి చలిగాలి వస్తోంది.

"మీ కోసమా?" అంది. "నాకు ఆ గోళీ పేరు కూడ తెల్వదు ఆంటీ. మీరు వొలిచి చేతిలో పోసిన్రు, మింగిన. డాక్టర్ అడిగితే మీ దిక్కు చూసిన, మీరు చెప్తరని. మీరు సంచి దిక్కు చూసిన్రు. ఇంగ నేనేమనాలె? లేదన్న."

కిటికీ మూద్దామని అడుగేసి, తెరిచి ఉంచమన్నారని గుర్తొచ్చి ఆగాను.

"ఇంత చదివిన్రు గద" అని గోడవైపు తిరిగింది.

మందు పనిచేసింది. ఆరునెలలు ఒక్క మాత్ర మానకుండా మింగింది. ఎడమవైపు మచ్చ ఉండిపోతుంది. మందులు ముగిసిన రోజు నర్సుని అడిగాను, "ఆలస్యంగా వచ్చింది" అన్న వాక్యం కొట్టేయమని. ఫైల్లో కొట్టేయడం కుదరదు, కింద చేర్చడమే కుదురుతుంది అంది. నా ఎదురుగానే చేర్చింది: ఇంటావిడ రెండుసార్లు ఇచ్చిన మందుల వల్ల ఆలస్యమైంది. చదివి, సరిగ్గా ఉందన్నాను.

సాయం చేసినవాళ్లకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి ముగించాలని ఉంది. కుదరనివ్వడం లేదు. డబ్బా తీసుకుని నన్ను తిట్టకుండా వదిలిన నర్సుకి దండం, ఆవిడ ఉద్యోగంలో పేరు రాయకూడదు. ఆ లావు పుస్తకాన్ని మూడోసారి తీసిచ్చి ఏమీ అడగని లైబ్రేరియన్‌కి దండం. పక్కింటి ముసలమ్మ పేరు రాస్తానంటే, అన్నదమ్ములు బతికుండగా వద్దంది. గుండె బలహీనమట ఇంకా! చివరికి ఆ పిల్ల. ఇప్పుడు డబ్లిన్ దగ్గర చెర్రీవుడ్‌లో ఉద్యోగం. పోయిన వారం ఫోన్ చేసి, ఇది రాశానని, పేరు పెట్టనా అని అడిగాను.

"మీ పేరు పెట్టుకోండ్రి" అంది. "నాది వద్దు. ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు. టీబీ అంటే ఎవరొస్తరు ఆంటీ?"

ఇవాళ్టి రోజున. నయమైపోయిన పిల్ల. నాకు మళ్లీ ఒళ్లు మండింది. కానీ ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. దగ్గుందా అని మాత్రం అడిగాను. లేదంది. ఉంటే ఎవరికి చెబుతావు అన్నాను.

"మీకైతే చెప్పనే చెప్ప" అని, నవ్వింది.