చెరిపేసిన ముప్పై ఏడో ఇల్లు

దెయ్యాలు, గాలీ ధూళీ అంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకే. ఇప్పటికీ అంతే. నేను నమ్మేది చేతిలో ఉన్న టాబ్‌ను, అందులో మ్యాపు మీద నేను పెట్టే చుక్కను. అందుకే ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

మాది భద్రాచలం. కొత్త రైలు లైను కింద ఎవరి ఇల్లు పోతదో, ఎవరి చెట్టు పోతదో డిజిటల్ మ్యాపులో ఎక్కించడం నా పని. పోయిన ఎండాకాలం మొదట్ల, ఛత్తీస్‌గఢ్‌లోని పామేడు దిక్కు ఒక ఊర్లో ముప్పై ఆరు ఇండ్లు ఎక్కించేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కాళ్లు పీకుతున్నయి. ఇక చాలనుకుంటుంటే ఊరికి ఎడంగా ఇంకో పూరిల్లు కనబడ్డది. ఖర్మరా బాబూ అనుకుంటూ పోయిన.

ఒకాయన ఇప్పచెట్టు కింద ఆకులు ఊడుస్తున్నడు. పువ్వు రాలేముందు నేల శుభ్రం చేసుకోవడం ఇక్కడ మామూలే. సొరబుర్రలో నీళ్లిచ్చిండు. పేరు ముత్తయ్య అన్నడు. ఇంట్లో ఇంకెవరని అడిగితే, "బిడ్డ ఉంది, షీబా. వస్తది, రాసుకో" అన్నడు. ఈ అడివిలో ఈ పేరేందని నవ్వొచ్చి మళ్లీ అడిగిన. అదే చెప్పిండు. చుక్క పెట్టి, ఫొటో తీసుకుని వచ్చేసిన.

ఆఫీసులో మ్యాపును డ్రోన్ ఫొటో మీద పెట్టి చూస్తే, ముప్పై ఏడో చుక్క కింద ఇంటి కప్పే లేదు. నా ఫొటోలోనూ చెట్టు, ఊడ్చిన నేల, అంతే. ఎండదెబ్బ అనుకున్న. కప్పు కనబడకపోతే మళ్లీ పోయి చూసి రావాలె, అది రూలు. అంతదూరం మళ్లా ఎవడు నడుస్తడు? చెరిపేసిన.

వానలు పడ్డంక ఊరందరినీ కూచోబెట్టి లిస్టు చదివినం. అందులో పేరుంటేనే కొత్త చోట ఇంటి జాగ. చదవడం అయినంక ఒక పిల్ల లేచింది. ఇరవై ఏండ్లుంటయేమో. సరిహద్దుకు ఇవతల, మా దిక్కు చెర్ల దగ్గర మిర్చి తోటల్లో కూలి పని చేస్తదట.

"మా నాయన ముత్తయ్య పేరు లేదేంది సారూ? చెర్లల మమ్మల్ని ఛత్తీస్‌గఢోళ్లంటరు. ఇక్కడ లిస్టుల లేనంటరు. మరి నేను ఏ ఊరిదాన్ని?"

నేను చెరిపేసిన చుక్క యాదికొచ్చింది.

ఊరి పటేల్ తాత చెప్పిండు. ఇరవై ఏండ్ల కింద తుపాకుల గొడవల కాలంలో ఊరు ఖాళీ అయితే, ముత్తయ్య కడుపుతో ఉన్న భార్యను చెర్లకు పంపి తను ఆగిపోయిండట. ఆ వానాకాలమే చచ్చిపోయిండట. ఇల్లు కూలి మట్టిలో కలిసింది. "చెట్టు మాత్రం వాళ్లదే సారూ. దాని పువ్వు మేం ఏరం. దాని కింద ఊడ్వం" అన్నడు.

చెరిపినవి కూడా టాబ్‌లో ఒక మూల పడి ఉంటయి. తీసి ఆ పిల్లకు చూపించిన. యజమాని ముత్తయ్య. బిడ్డ షీబా.

"ఇది ఎవరు రాయించిండ్రు?" అన్నది.

"మీ నాయనే" అన్న.

ఆ పిల్ల టాబ్‌లో తన పేరు మీద వేలు పెట్టింది. "కాన్పు చేసిన కేరళ నర్సమ్మ తన పేరు నాకు పెట్టింది సారూ. అప్పటికే నాయన లేడు. నా పేరు ఆయనకెట్ల తెలుసు?"

తప్పు చేసినోన్ని, తల దించుకున్న. అక్కడే కూచొని చుక్కను మళ్లా పెట్టిన. పటేల్ తాత సాక్షి సంతకం చేసిండు. షీబా పేరు లిస్టుకెక్కింది.

కప్పు లేని ఇంటిని ఎందుకు ఎక్కించినవో కారణం రాయమని టాబ్ అడుగుతది. "నేను చూసిన" అని రాసిన. అది అబద్ధం కాదు. ఎట్ల నిజమో మాత్రం నన్నడగకండి, నాకే తెల్వదు.