అన్న చేతి తీర్థం

మా అన్న హుస్సేనీ ఆలంలో ఒక చిన్న గుడి పూజారి. అరచేతులకు సోరియాసిస్ వచ్చిన ఏడాది, తీర్థం కోసం చాచిన చేతులు ఒక్కొక్కటే వెనక్కి పోవడం మొదలైంది. వేరే పూజారిని పెడదామని గుడి కమిటీలో మాట నడుస్తోందనీ విన్నాం.

చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అంటుకునే జబ్బు కాదని ఆవిడ చెప్పింది. భయపడినప్పుడు ఒంట్లో ఊరే కార్టిసాల్ అనే హార్మోను మామూలుగా వాపును అణచాలి. దిగులు నెలల తరబడి వదలకపోతే ఒళ్లు దాని మాట వినడం మానేస్తుంది, చర్మం రగులుతుంది. "మందు రాయండి, ఫికర్ తగ్గించుకోండి" అంది. అన్న నవ్వాడు. ఆ చేతులు చూసి జనం జడుసుకుంటారు, జనాన్ని చూసి ఈయన జడుసుకుంటాడు, ఆ జడుపుకు చేతులు ఇంకా పగులుతాయి. ఎటునుంచి బయటపడాలి?

జనానికి చెప్పడమే దారి అనుకున్నాను. సభల్లో ఇరవై ఏళ్లు వాదించిన నోరు నాది. ఒక శనివారం పొద్దున వరుస ముందు నిలబడి, ఇది శాపమూ కాదు, పాపమూ కాదు, అంటుకోదు అని గొంతెత్తి చెప్పాను. అందరూ తలలూపారు. మొదట నిలబడ్డ ముసలావిడ మాత్రం చెయ్యి చాపలేదు.

"ఏం గాదంటున్నవ్. మరి తోడబుట్టినదానివి, నువ్వెందుకు తీసుకోవు బిడ్డా? అయ్యగారి చేతికెల్లి నువ్వు తీర్థం తాగంగ నేనెన్నడు చూడలే."

నిజమే. నేను తీర్థం ముట్టి ఇరవై ఏళ్లు, దేవుణ్ణి నమ్మను కాబట్టి. ఆ మాట అక్కడ అంటే అన్న పరువు ఆ గడపలోనే పోతుంది. అనకపోతే, సొంత చెల్లెలికే ఆ చెయ్యంటే రోత అనుకుంటారు. అన్న ఉద్ధరిణితో తీర్థం ముంచి నా వైపు చూశాడు.

చెయ్యి చాపాను. తాగాను. ముసలావిడ కూడా చాపింది.

ఇంటికొచ్చాక అన్న మందు రాసుకుంటూ అన్నాడు, "రేపు గూడ రా."

"ఒక్కరోజు చాలదా అన్నా?"

"నువ్వు రాకుంటే మళ్ల అడుగుతరు. పొద్దుగాల లేస్తనే నాకు దడ మొదలైతది."

"మీటింగులల్ల దేవుని గురించి నేనేం మాట్లాడుతనో నీకు తెల్వదా?"

"తెల్సు. గవి సాయంత్రం కద!"

ఇప్పుడు రోజూ వరుసలో మొదటి చెయ్యి నాదే. పగుళ్లు పూడుతున్నాయి. మందు వల్లో, దడ తగ్గడం వల్లో విడదీసి చెప్పలేను. చెప్పలేను కాబట్టి మందు, తీర్థం రెండింటిలో ఏదీ ఆపే ధైర్యం నాకు లేదు.