సర్దుకోమన్నది నేనే

అది 1997, పత్తి చేలల్లో కలుపు తీసే రోజులు. జగ్గయ్యపేటలో ఎనిమిది మంచాల నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మంచాలు ఎనిమిదైనా రోగులు ఎనిమిది దగ్గర ఏనాడూ ఆగేవారు కాదు.

ఒక మధ్యాహ్నం పాము కరిచిన కోటయ్య అనే రైతును గరికపాడు అవతల, కోదాడ వైపు ఊరి నుంచి తీసుకొచ్చారు. విరుగుడు మందు ఎక్కించాక తేరుకున్నాడు. అయినా డాక్టరుగారు ఇంకో రోజు అబ్జర్వేషన్‌లో ఉంచమన్నారు. అంటే కనిపెట్టుకుని ఉండటం. తగ్గిందనుకున్న విషం ఒక్కోసారి మళ్ళీ తలెత్తుతుంది. అప్పుడు ముందుగా కనిపించేది టోసిస్, కనురెప్పలు వాలిపోవడం.

మర్నాడు పొద్దున ఇంకో కేసు వచ్చింది. కోటయ్య పక్కన మరో మంచం వేయాలి. అక్కడ అతని భార్య ఎల్లమ్మ చాప, సంచులు పరుచుకుని ఉంది. "కాస్త సర్దుకోండమ్మా" అని ఒక మాట పడేసి పక్క గదిలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అడిగినదానికంటే ఎక్కువ చోటే దొరికింది. కోటయ్య మంచం కూడా ఖాళీ.

"కోదాడ బస్సుకి వెళ్ళారండి. మీరే పంపించారనుకున్నా" అంది ఆయా.

బస్టాండుకు పరిగెత్తాను. పరుగుకు పుట్టిన ఒళ్ళు కాదు నాది. బస్సు స్టార్టయి ఉంది. కిటికీ పక్కన కోటయ్య, అతన్ని పొదివి పట్టుకుని ఎల్లమ్మ.

"ఎవరు పొమ్మన్నారమ్మా నిన్ను?"

"మీరే గద సిస్టరమ్మా సదురుకొమ్మంటిరి." ఆమె ఏడవడం లేదు. "ఇగ బతకడని తెలిసే అన్నరనుకున్న. ఇంటికాడ పిల్లలనన్న సూసుకుంటడని తోల్కపోతున్న."

"కోటయ్యా, పైకి చూడు" అన్నాను. రెప్పలు సగం దాకా లేచి జారిపోయాయి. "నిద్రొస్తుందమ్మా" అన్నాడు, మాట ముద్దగా.

కండక్టరూ నేనూ చెరో రెక్క పట్టి దించాం. రిక్షాలో వెనక్కి తెచ్చాను. డాక్టరుగారు మళ్ళీ మందు ఎక్కించారు. సాయంత్రానికి రెప్పలు నిలబడ్డాయి.

అప్పుడు ఎల్లమ్మను అడిగాను, "చోటివ్వమనడానికి మీరేమంటారు?"

"జరుగుమంటం. సదురుడంటే మూట గట్టుడే గద."

మా నందిగామలో బస్సెక్కిన ప్రతివాళ్ళూ "కాస్త సర్దుకోండి" అనే కూర్చుంటారు. పెట్టె సర్దుతాం, కాపురంలో సర్దుకుపోతాం, నోరు జారితే సర్దిచెప్పుకుంటాం. ఇన్ని అర్థాలున్నా, చావుబతుకుల దగ్గర కూర్చున్న మనిషికి తను భయపడుతున్న అర్థమే వినిపిస్తుంది. నేను "జరగండి" అని ఉంటే ఏమీ జరిగేది కాదు.

రెండు రోజులకు డిశ్చార్జి. "ఇక మీరు వెళ్ళొచ్చమ్మా" అన్నాను. ఎల్లమ్మ కదల్లేదు.

"బతికిండని పొమ్మంటున్నరా, బతకడని పొమ్మంటున్నరా? అది గూడ చెప్పుండ్రి."

చెప్పాను. ఆ తర్వాతే సంచీ అందుకుంది. అప్పటినుంచి ఏ మంచం దగ్గరైనా ఏం చెయ్యాలో ఒక్కటే చెప్పి వదల్లేదు, ఎందుకో కూడా చెప్పేదాన్ని. డ్యూటీ రోజూ అరగంట ఆలస్యంగా ముగిసేది.