అక్క గొంతూ, నా కరెంటు పొదుపూ

నిన్న పొద్దున కామారెడ్డిలో మా వీధికి కరెంటు పోయింది. లాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో చదువుకుంటున్నాను. కాసేపటికి తెర మూలన చిన్న సందేశం లేచి, బ్యాటరీ తగ్గుతోంది, పొదుపు పద్ధతిలో పెట్టమంటారా అని ఎంతో మర్యాదగా అడిగింది. వద్దని నొక్కాను. అంతటితో ఆగక మూత కూడా మూసేశాను. వంటింట్లోంచి చూస్తున్న మా ఆవిడ, పొదుపంటే చెవి కోసుకునే మనిషికి ఇవాళ ఏమొచ్చిందని ఆశ్చర్యపోలేదు. ఆమెకు సంగతంతా తెలుసు. 

ఉద్యోగమంతా కరెంటు ఆఫీసులోనే చేశాను. ఊళ్లన్నిటికీ కరెంటు ఇచ్చే చోట కూర్చుని, దాన్ని ఎంత తక్కువ వాడొచ్చా అని ఆలోచించిన మనిషిని. గదిలోంచి ఎవరైనా లేస్తే చాలు, వాళ్ల వెనకాలే నా చెయ్యి స్విచ్చు మీదికి పోయేది. మా ఇంటికొచ్చిన చుట్టం ఒంటి మీద సబ్బుతో స్నానాల గదిలో ఉండగానే బయటినుంచి లైటు తీసేసిన ఘనత కూడా నాదే. రిటైరయ్యాక లాప్‌టాప్ కొన్నాను. కొన్న రోజే దాని సెట్టింగులలోకి దూరి, అన్నిటికన్నా తక్కువ కరెంటు తాగే పద్ధతిలో పెట్టాను. తెర ఎప్పుడూ సంధ్యవేళలా మసగ్గా ఉండేది. ఛార్జింగ్ నిండీ నిండకముందే వైరు పీకేసేవాణ్ణి. దానికి తగిలించుకున్న మైకు కూడా వీలైనప్పుడల్లా నిద్రపోయే ఏర్పాటు చేశాను. చేసి, ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను కూడా.

మా అక్కది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. నాకన్నా చాలా పెద్దది, చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. నాట్ల పాట ఎత్తుకోవడంలో ఆ చుట్టుపక్కల ఆమెదే పేరు. వరి నాటేటప్పుడు ఆడవాళ్లు వరుసగా వంగి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ పోతారు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. చేతులు ఆ పాట నడకనే నడుస్తాయి, కాబట్టి ఎత్తుకునే మనిషికి దమ్ము నిలవకపోతే వరుసంతా వంకర పోతుంది. అక్క ఉన్న మడిలో నడుం నొప్పి తెలియదని చెప్పుకునేవారు. వయసు మీద పడి వంగలేకపోయినా ఆమెను వదల్లేదు. గట్టు మీద కూర్చోబెట్టి, కేవలం పాట ఎత్తుకోవడానికే పిలుచుకుపోయేవారు. మా బావ పోయిన తర్వాత ఆమె గడప దాటడానికి మిగిలిన కారణం అదొక్కటే. నాట్ల రోజులొస్తే ఆమె నడకే మారిపోయేది.

ఆ పాటలు ఏ కాగితం మీదా లేవు. ఆమెతోనే పోతాయేమోనన్న భయంతో, పోయినేడు నాట్లకు ముందు లాప్‌టాప్, మైకు సంచిలో పెట్టుకుని లింగంపేట మీదుగా బస్సులో వెళ్లాను. అక్క తలంటుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, కోళ్లను పక్కింటి వైపు తోలేసి కూర్చుంది. చప్పుడు అడ్డమని ఫ్యాను ఆపేశాను. ఆ వంకతో కాస్త కరెంటు కూడా మిగిలిందని లోపల సంతోషించాను. లాప్‌టాప్‌ను మాత్రం గోడ ప్లగ్గుకు పెట్టలేదు, బ్యాటరీ ఉండగా దండగ కదా. అక్క పాడింది. తిరిగి వింటే పాట మధ్యమధ్యలో టప్ టప్‌మని తెగుతోంది, పెనం మీద జొన్నలు పేలుతున్నట్టు. మాట సగంలో మాయమై, తర్వాతి మాటలో తేలుతోంది. మళ్లీ పాడమన్నాను. మళ్లీ అంతే. చెమటలు కారుతున్నా విసుక్కోకుండా, అడిగినన్నిసార్లూ పాడింది. చివరికి పెద్ద నిపుణుడిలాగా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నా తీర్పు చెప్పాను.

"మిషిన్ల తప్పేం లేదక్కా. నీకే దమ్ము నిలుస్తలేదు. వయసైంది గదా."

అక్క లాప్‌టాప్ వైపు తిరిగింది. "నాకు తెల్వనే లేదు తమ్మీ. ఇన్నొద్దులు అందరి ముంగట గిట్లనే పాడుతున్ననా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వానాకాలం నాట్లకు పిలవడానికి వచ్చినవాళ్లందరికీ మోకాళ్ల నొప్పులని చెప్పి పంపేసింది. గట్టు మీద ఫోను పెట్టి అందులో పాటలు వింటూ నాటేస్తున్నారని ఆమే నాకు ఫోన్లో చెప్పింది, నవ్వుతూ. నేనూ నవ్వుతూనే విన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా రిటైరైన మిత్రులకు పంపుదామని ఒక చిన్న ఉపన్యాసం రికార్డు చేశాను. విషయం, చెప్పనక్కర్లేదు, కరెంటు పొదుపు. తిరిగి వింటే అదే టప్ టప్. నా మాటలూ అచ్చం అక్క పాటలాగే తెగుతున్నాయి. చిత్రమేమిటంటే, అప్పుడు నాకు దమ్ము సంగతి గుర్తుకు రాలేదు, వయసూ గుర్తుకు రాలేదు. ఈ మిషన్‌లో ఏదో తేడా ఉందని వెంటనే అనుకున్నాను. నాకు ఇప్పటికీ ముఖం చెల్లనిది ఇక్కడే. అదే చప్పుడు అక్క పాటలో వినిపిస్తే అక్కను అనుమానించాను.

వెతికి చదివితే తెలిసింది. పొదుపు పద్ధతిలో పెడితే లాప్‌టాప్ తన పని వేగం తగ్గించుకుంటుంది. మైకు నుంచి వచ్చే శబ్దం మాత్రం ఎవరికోసమూ ఆగదు. అందుకోలేక మధ్యమధ్యలో వదిలేస్తుంది. ఛార్జరు గోడకు పెట్టి, పూర్తి శక్తితో నడిచే పద్ధతికి మార్చాను. మైకు నిద్రపోయే ఏర్పాటు తీసేశాను, రికార్డింగు సాగినంతసేపు వైఫై ఆపాను. మళ్లీ మాట్లాడి చూస్తే నూనె ధారలా వచ్చింది. టీ చల్లారేలోపు అయిపోయిన పని. సంతోషించాల్సింది పోయి తల కొట్టేసినట్టయింది. మా ఆవిడకు చెబితే, నాకెందుకు చెప్తున్నారు, ఆమెకు పోయి చెప్పండి అంది.

మర్నాడు మొదటి బస్సుకే అక్క ఊరికి వెళ్లాను. తప్పు నీ గొంతుది కాదు, నాది అని అక్కకు విడమరిచి చెప్పాను. వింది కానీ నమ్మలేదు. తన మనసు కుదుటపరచడానికి ఏదో అల్లుకొచ్చానని ఆమె అనుమానం. రుజువుగా తెగిపోయిన నా ఉపన్యాసం వినిపించాను. ఇక ఒప్పుకుని పాడుతుందన్న ఆశతో రికార్డింగు కూడా మొదలుపెట్టి, మైకు ఆమె ముందుకు జరిపాను. అక్క ముఖం మెత్తబడింది. దగ్గరికి జరిగి నా తల మీద చెయ్యి వేసింది.

"అయ్యో తమ్మీ, నీకు గూడ వచ్చెనా. బాధపడకు, అందరికి వచ్చేదే. ఇగ నువ్వు గూడ నలుగురిల మాట్లాడకు, నవ్వుతరు."

కాదక్కా, కాదు అంటూనే ఉన్నాను. ఆమె చాయ్ పెట్టడానికి లేచింది.

ఆ రెండు మాటలు రికార్డయి నా దగ్గరున్నాయి. అప్పుడప్పుడూ వింటాను. గాజుల చప్పుడుతో సహా ఎక్కడా తెగలేదు. గొంతు నిండుగా, గట్టిగా ఉంది. ఆమెకూ వినిపించాను. మాట్లాడేదానికి ఏం గావాలె తమ్మీ, పాడేదానికి గావాలె దమ్ము, అని తీసిపారేసింది. ఈ ఏడూ నాట్లు మొదలయ్యాయి, పిలవడానికి ఇప్పుడెవరూ రావడం లేదట. మనిషికి ముసలితనం ఏళ్ల తరబడి నడుచుకుంటూ వస్తుందని అనుకునేవాణ్ణి. మా అక్కకు అది నా నోటినుంచి, ఒక్క పూటలో వచ్చింది.