పాపమా అని అడిగిన ఉత్తరం

మొన్న శుక్రవారం బహ్రెయిన్‌లో, మనామా చర్చిలో తెలుగు పూజ అయ్యాక మళ్లీ చీటీల డబ్బా తిప్పారు. నా దగ్గరకొచ్చేసరికి తాళాల కోసం వెతుకుతున్నట్టు తల వంచేశాను. యాభై ఏళ్ల మనిషిని, చీటీకి భయపడ్డాను.

కృష్ణా జిల్లాలోని ఒక విచారణ, అంటే ఒక చర్చి కిందుండే సంఘం, మాకు జంట. అక్కడ పూజలో ఇచ్చే సత్ప్రసాదం మొదటిసారి తీసుకోబోయే ఒక్కో బిడ్డకూ ఇక్కడ చీటీలో ఆ పేరు తీసినవాళ్లు ఉత్తరాలు రాస్తూ, ప్రార్థిస్తూ తోడుండాలి. సొంత పిల్లలకు రాయకూడదు. ఎవరి పిల్లలకు వాళ్లే రాసుకుంటే ఇక జంట ఎందుకని మా ఫాదర్ వాదన. దానికి ఎదురుచెప్పే ధైర్యం మాకు టీ కప్పుల దగ్గర తప్ప రాదు. మూడేళ్ల క్రితం నా చీటీలో వచ్చింది మా వదిన కూతురు. వరసకే వదిన. హమద్ టౌన్‌లో ఒక అరబ్బు ముసలమ్మను చూసుకుంటూ, శుక్రవారం బస్సెక్కి పూజకొచ్చేది. పిల్లను నాలుగో ఏటే అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చింది.

నేను రాసిన నీతుల ఉత్తరానికి ఆ పిల్ల జవాబు, సెలవుకెళ్లొచ్చిన ఒకాయన చేతికిచ్చి పంపింది. ఫాదర్ ముందు మొదటిసారి పాపాలు ఒప్పుకునే రోజు దగ్గరపడుతోందట, పాపాలు వెతుక్కుంటోంది. ఒకటి మామిడికాయల దొంగతనం. రెండోది: "అమ్మ ఫోన్ చేస్తే సిగ్నల్ లేదని పెట్టేస్తాను. ఏం మాట్లాడాలో తెలీదు. ఇది పాపమా ఆంటీ? ఎవరికీ చెప్పొద్దు."

ఇక నాకు కుదురు లేదు. ఆఫీసులో ఒకరికి పంపాల్సిన కాగితం ఇంకొకరికి పంపాను. కూరలో రెండుసార్లు ఉప్పేశాను. చెబితే పిల్లకు ద్రోహం, దాస్తే తల్లికి. ప్రతి శుక్రవారం వదిన పక్కన చేరేది.

"ఏం రాసిందమ్మాయ్ మా పిల్ల?"

"బాగా చదువుకుంటోందంట వదినా."

ఆ ఒక్క ముక్కనే ఆరు వారాలు అరగదీశాను. ఆరో వారం బస్టాపులో వదిన చెయ్యి చాపింది. "మంచి మాటయితే ఇన్నాళ్లూ ఒకటే చెప్పవు గదా. ఇటివ్వు."

సంచిలోనే మోస్తున్న ఉత్తరం తీసి ఇచ్చేశాను. రెండుసార్లు చదివింది. బస్సొచ్చింది, ఎక్కలేదు.

"నువ్వేం రాశావు?"

"ఇంకా ఏమీ రాయలేదు."

"పాపం కాదని రాయి. ఇవాళే రాయి. నేను చూశానని మాత్రం రాయమాక."

అక్కడే బెంచీ మీద కూర్చుని రాసి, మర్నాడు ఊరెళ్తున్న ఒకామెకు ఇచ్చాను. ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాల కోసం ఆరు వారాలు తటపటాయించాను. అక్కడ ఒక తొమ్మిదేళ్ల పిల్ల ఆ ఆరు వారాలూ తాను పాపిననే అనుకుంటూ గడిపింది.