ఎమిలీ కార్డు పలికిన ఆదివారాలు

రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేసి రిటైరైన జ్ఞానశేఖర్, బోయిగూడలో తన కష్టం ఎవరికీ చెప్పుకోని మనిషి. కింది వాటావాళ్ల పాలప్యాకెట్టు ఎండలో పడి ఉంటే తీసి నీడన పెట్టి, తన దారిన తాను పోయేవాడు.

నవంబరులో భార్య ఎమిలీ పోయింది. శవపెట్టె మూసేముందు, ఇంటి ఆనవాయితీ ప్రకారం, ఆమె బైబిల్‌ను ఆయనే తీసుకెళ్లి ఆమె చేతుల కింద పెట్టాడు. ఆ జిప్పు అట్ట జేబులో ఆమె క్రెడిట్ కార్డు ఉంటుందన్న సంగతి మట్టి వేశాకగాని గుర్తుకు రాలేదు. పోనీలే, అంతకన్నా భద్రమైన చోటేముంది అనుకున్నాడు.

మూడో ఆదివారం పొద్దున ఎనిమిది నలభైకి ఫోను టింగుమంది. ఎమిలీ కార్డు మీద తొంభై రూపాయలు, చిలకలగూడ శాంతి బేకరీలో. ఆయన ఖాతాకు జోడించిన కార్డు గనుక మెసేజీ ఆయనకే వస్తుంది. ఎప్పటిదో ఇప్పుడొచ్చింది కాబోలు అని సరిపెట్టుకున్నాడు. మరుసటి ఆదివారం సరిగ్గా అదే వేళకు మళ్లీ వచ్చింది.

ఆ మధ్యాహ్నం సమాధుల తోటకు వెళ్లాడు. ఎండిన పూలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మట్టి ఎవరూ కదపలేదు. అది చూస్తే భయం తగ్గాలి కదా, పెరిగింది. ఆ రాత్రి మోకరిస్తే ప్రార్థనకు మాట రాలేదు. ఆమె నెమ్మదిగా పడుకుని ఉందో లేదో తెలియకుండా దేవుణ్ణి ఏమని అడగాలి?

సోమవారం బ్యాంకుకు ఫోన్ చేశాడు.

“కార్డు మీ దగ్గరే ఉందా సర్?” అంది అవతలి పిల్ల.

“లేదమ్మా. భద్రంగానే ఉంది. ఎవరైనా నకలు తీసుంటారా?” అని ఆశగా అడిగాడు.

“ట్యాప్‌కి అట్ల కుదరదు సర్. ఆనించిన ప్రతిసారీ చిప్పు ఒక కొత్త కోడ్ తయారు చేస్తది. ఒకసారి వాడిన కోడ్ ఇంకోసారి చెల్లదు. మిషన్‌కి రెండంగుళాల దగ్గరికి వస్తేనే పలుకుతది. లోపల బ్యాటరీ కూడా ఉండదు, మిషన్ ఇచ్చే కరెంటుతోనే ఆ ఒక్క క్షణం లేస్తది. సిస్టమ్‌లో క్లియర్‌గా ఉంది సర్, అక్కడికొచ్చింది అసలు కార్డే. ఐదు వేల లోపైతే పిన్ కూడా అడగదు. బ్లాక్ చేసెయ్యమంటారా?”

“ఆదివారం దాకా ఆగమ్మా,” అని పెట్టేశాడు. దొంగెవడో నకలు తీశాడని చెప్పి ఉంటే ఎంత హాయిగా ఉండేది! ప్రాణంలేని రేకు, పిలిస్తే ఆ ఒక్క క్షణం లేస్తుందట. ఆ మాట వారమంతా ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

ఆదివారం మంచు దట్టంగా పట్టింది. బేకరీకి చేరేలోపే జేబులో ఫోను టింగుమంది. మెట్టు దగ్గరే నిలబడిపోయాడు.

“ఇప్పుడు... ఇప్పుడెవరు కొన్నారయ్యా?”

బేకరీ ఓంప్రకాశ్ మిషన్ పట్టుకుని వీధిలోనే ఉన్నాడు. “ముసలమ్మ సార్. మెట్లెక్కలేదని నేనే మిషన్ కిందికి తెస్త. బైబిలే ఆనిచ్చి పోతది, పర్సు తీసుడు గిట్ల ఏం లేదు. ఏమైంది, గట్ల పరేషాన్ ఉన్నరు?”

బైబిల్‌ను ఆనించి డబ్బు కట్టడం ఎమిలీ అలవాటు.

“ఎట్లా ఉంటుంది?”

“తెల్ల చీర సార్. అగో, పోతున్నది.”

తెల్ల చీరలోనే ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. మంచులో ఆ తెలుపు మెల్లగా సందు మలుపు తిరుగుతోంది. చంకలో నల్ల పుస్తకం. పిలిస్తే తిరుగుతుందేమోనని భయం, తిరగదేమోనని అంతకు మించిన భయం.

“ఎమిలీ!”

ఆమె ఆగింది. తిరిగింది. రెండు కళ్లమీదా బూడిదరంగు పొర.

“ఎవరది? శేఖరన్ననా? ఎమిలీని పిలుస్తున్నవేందన్నా, నేను దేవకృపను.”

చర్చి సంఘంలో ఎమిలీకి జతగత్తె. భర్త పోయినప్పటినుంచీ తెల్లచీరే. ఏడాదిగా చూపు మందగించి, వాక్యం వినడమేగాని చదవడం లేదు. ఆయన దగ్గరికెళ్లి ఆమె చంకలోని పుస్తకం తీసుకుని జిప్పు తీశాడు. మొదటి పేజీలో ఎమిలీ దస్తూరీ. అట్ట జేబులో ఎమిలీ కార్డు.

అప్పుడు తెలిసింది. సంఘం జూబిలీకి పంచిన అట్టలన్నీ ఒకే తీరువి. ఆ రోజు పెట్టె పక్కన బల్లమీద ఆడవాళ్లందరి బైబిళ్లూ ఉన్నాయి. కన్నీళ్లలో చేతికందినది తీసింది తానే. బల్లమీద మిగిలిన ఎమిలీ పుస్తకాన్ని దేవకృప తనదనుకుని పట్టుకెళ్లింది.

దేవకృపకు సంగతి చెప్పాడు. “అయ్యో తండ్రీ, పరాయి పైసలతో బన్నులు తిన్ననా! నా కార్డు సుత గట్లనే అట్టల ఉంటది, అదే అనుకున్న. పుస్తకం జెర పల్చగ తగుల్తున్నదని ఒక్కపారి అనిపిచ్చింది గని... మరి నాదేడున్నదన్నా?”

“ఎమిలీ చేతుల కింద ఉందమ్మా,” అన్నాడు.

“మొదటి పేజీల నా పేరు రాసుంటది,” అంది, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని. “అంటే నాకన్నా ముందు నా పేరు పోయి పండుకున్నదా మట్టిల?” అని, తన మాటకు తానే ఉలిక్కిపడి, చిన్నగా నవ్వింది. “పోనీ. ఒంటరిగ లేదు గద.”

ఆయన పుస్తకం తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. కార్డు మాత్రం తీసుకున్నాడు. ఎమిలీని ఎవరూ లేపలేదు. రెండు వారాల బరువు దిగినట్టైంది. కానీ ఇన్నాళ్లూ ఎమిలీ నుంచే కబురొస్తున్నట్టుండేదని, ఇక రాదని కూడా అప్పుడే తట్టింది.

అక్కడే ఒక ఇంటి మెట్టుమీద కూర్చుని బ్యాంకుకు ఫోన్ చేశాడు.

“కార్డు దొరికిందమ్మా. ఆపేయండి.”

“దొరికితే ఎందుకు సర్? కారణం రాసుకోవాలి.”

“మా ఆవిడ ప్రభువునందు నిద్రించింది.”

“అంటే సర్?”

దేవకృప ఆయన భుజం తడిమి చెయ్యి వేసింది. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనని మాట.

“చనిపోయిందమ్మా,” అన్నాడు.